తొమ్మిది వేలలో కారు పాట బాగుపడాలంటే ముందు తలుపు విప్పాలి

మాస్టారూ, మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఇల్లు ఒడిశాలోని రాయగడలో, బడి బిస్సం కటక్ దగ్గర. 2014 నాటి వ్యాగన్ ఆర్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ముందు తలుపుల్లో రెండు పాత స్పీకర్లు, వెనక ట్రే మీద రెండు ఓవల్ స్పీకర్లు, బ్లూటూత్ ఉన్న మామూలు స్టీరియో దానితోపాటే వచ్చాయి. పిల్లలకు సంబల్‌పురి పాటల్లో ఢోల్ దెబ్బ గట్టిగా వినిపించాలి. ముందు సీట్లో కూర్చునే మీ నాన్నగారికి పద్యంలో మాట తెలియాలి. చేతిలో 9,000 రూపాయలు ఉన్నాయి. ఒక దుకాణంలో 12 అంగుళాల బేస్ ట్యూబు (డిక్కీలో పెట్టే, లోతు శబ్దాలు పలికే గొట్టం స్పీకరు), వెయ్యి వాట్ల యాంప్లిఫయర్, వైరింగు అన్నీ కలిపి 8,500కు బిగిస్తామన్నారు. బిగించుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. ఆ డబ్బులో ముప్పాతిక భాగం ముందు రెండు తలుపుల మీద పెట్టండి. ఇరవై రెండేళ్లుగా రాయగడ, జయపురం, పార్వతీపురం కార్లకు ఈ పని చేస్తున్నాను. తక్కువ డబ్బుతో మొదలుపెట్టి తృప్తిపడినవారందరూ తలుపుతో మొదలుపెట్టినవారే. ట్యూబుతో మొదలుపెట్టినవారిలో చాలామంది ఏడాది తిరగకుండానే దాన్ని విప్పించి, డిక్కీ ఖాళీ చేసుకుని, మళ్లీ తలుపుల దగ్గరికే వచ్చారు.

నా మాట మీద నమ్మకం కుదరాలంటే పది నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. తలుపులోని స్పీకరు మరలు విప్పి, వైరు మాత్రం ఉంచి, దాన్ని చేత్తో పట్టుకుని ఢోల్ ఉన్న పాట పెట్టండి. సన్నని గీర శబ్దం వస్తుంది, దెబ్బ ఎక్కడా ఉండదు. ఇప్పుడు ఒక పెద్ద అట్టపెట్టె మూతకు స్పీకరు కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గిన్నెలాంటి భాగం) పట్టేంత గుండ్రని కన్నం కోసి, స్పీకరును ఆ కన్నానికి గట్టిగా ఆనించండి. పాట అదే, వాల్యూమ్ అదే, స్పీకరు అదే. అయినా దెబ్బ అక్కడికక్కడే పుట్టుకొస్తుంది. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. మధ్యలో గోడ లేకపోతే ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సన్నని శబ్దాల తరంగాలు పొట్టివి కాబట్టి అవి తప్పించుకుంటాయి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం నాలుగు మీటర్లకు పైగా ఉంటుంది, దానికి ఆ వీలు లేదు.

ఆ అట్టముక్క చేసే పనినే కారులో తలుపు చేయాలి. కానీ కంపెనీ తలుపులో లోపలి రేకు నిండా చెయ్యి దూరేంత కన్నాలు ఉంటాయి. వాటి మీద పలుచని ప్లాస్టిక్ కాగితం ఒకటి అంటించి ఉంటుంది. పాత కార్లలో అదీ చిరిగిపోయి ఉంటుంది. స్పీకరుకీ రేకుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. ఆ తలుపులో పదివేల రూపాయల స్పీకరు పెట్టినా చేత్తో పట్టుకున్న స్పీకరులాగే పాడుతుంది.

ఇక వాట్ల సంగతి. మీకు చూపించిన యాంప్లిఫయర్ వెనక పక్క చూడండి. వైర్లు బిగించే చోట ఫ్యూజు ఒకటి గుచ్చి ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. 20 అని ఉందనుకోండి. కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.8 వోల్టులు ఉంటాయి. 20ని 13.8తో గుణిస్తే 276 వాట్లు. ఫ్యూజు కాలకుండా ఆ యాంప్లిఫయర్ నిలకడగా తీసుకోగలిగిన కరెంటు అంతే. అందులో నలభై శాతం దాకా వేడిగా పోతుంది. స్పీకరుకు చేరేది 160 వాట్ల చుట్టుపక్కల. డబ్బా మీద వెయ్యి అని ఉన్నా, రెండువేలు అని ఉన్నా ఈ లెక్క మారదు. దుకాణంలో నిలబడి, ఎవరితోనూ వాదించకుండా, ఒక్క గుణకారంతో తేల్చుకోగలిగిన విషయం ఇది.

మీ స్టీరియో మీద కూడా 50 గుణకారం 4 వాట్లు అని రాసి ఉంటుంది. లోపలి చిప్‌కు దొరికేది సుమారు 14 వోల్టులు. దానితో 4 ఓముల స్పీకరుకు సిద్ధాంతం ప్రకారం 25 వాట్లకు మించి స్వచ్ఛంగా ఇవ్వడం కుదరదు. నష్టాలు పోను 15 నుంచి 20 వాట్లు నిజంగా అందుతాయి. ఇది విని నిరాశపడకండి. మూసిన అద్దాల కారులో, మంచి స్పీకరుకు 15 వాట్లు తక్కువేమీ కాదు.

అందుకే స్పీకరు కొనేటప్పుడు మీరు చూడవలసిన అంకె సెన్సిటివిటీ. డబ్బా మీద ఒక మూల 88 డెసిబెల్, 91 డెసిబెల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె అది. మూడు డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. అంటే 91 ఉన్న స్పీకరు 20 వాట్లతో చేసే పనిని 88 ఉన్న స్పీకరు చేయడానికి 40 వాట్లు కావాలి. యాంప్లిఫయర్ కొనకుండానే యాంప్లిఫయర్ ఫలితం కొంత రాబట్టే దారి ఇది. స్టీరియో మీదే నడపదలచుకున్నవారికి 90కి తగ్గిన స్పీకరు నేను ఇవ్వను. కొన్ని డబ్బాల మీద సెన్సిటివిటీని 2.83 వోల్టుల లెక్కన రాస్తారు. 4 ఓముల స్పీకరుకు అది రెండు వాట్లతో సమానం కాబట్టి, ఆ అంకెలోంచి మూడు తీసేసి మిగతావాటితో పోల్చండి.

మీ నాన్నగారి విషయం కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దుకాణంవారు దాన్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు. వయసు మీద పడేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలను. మాటలో అచ్చులకు బలం ఉంటుంది. కానీ ఒక మాటను మరో మాట నుంచి విడదీసి చెప్పేది హల్లులు. త, క, స, చ లాంటి ధ్వనుల ఆనవాలు ఎక్కువగా రెండువేల హెర్ట్జ్ పైన ఉంటుంది. పెద్దవారు పాట వినిపిస్తోంది గానీ మాట తెలియడం లేదు అంటారే, అది ఇదే. పైగా బలమైన లోతు శబ్దం తన పైనున్న శబ్దాలను కప్పేస్తుంది. అంటే డిక్కీలో ట్యూబు పెడితే మీ నాన్నగారికి ఇప్పుడు తెలుస్తున్న నాలుగు మాటలు కూడా పోతాయి. ఆయన వాల్యూమ్ పెంచమంటారు, పెంచితే ట్యూబు ఇంకా పెరుగుతుంది. ముందు తలుపుల్లో గట్టి స్పీకరు, అద్దం మూల దగ్గర ట్వీటరు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు) పెడితే పిల్లల దెబ్బ, పెద్దాయన మాట రెండూ ఒకే ఖర్చులో వస్తాయి.

కాబట్టి మీరు కొనవలసినది 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్. ఇందులో తలుపు స్పీకరు, ట్వీటరు వేర్వేరుగా ఉంటాయి. పేరున్న కంపెనీలవి మొదటి మెట్టు సెట్లు మూడున్నర నుంచి నాలుగున్నర వేలకు దొరుకుతాయి. ట్వీటరు స్పీకరు నడుమే ఉండే కోయాక్సియల్ రకం వెయ్యి, పదిహేను వందలు తక్కువకే వస్తుంది. తలుపు మరీ కింద కాబట్టి ఆ ట్వీటరు మోకాళ్లకు పాడుతుంది. హల్లులన్నీ కాలి దగ్గరే ఆగిపోతాయి. మీ అవసరానికి ఆ వెయ్యి ఆదా చేయవద్దు. కోన్ చుట్టూ అంచు రబ్బరుది ఉండాలి. స్పాంజి లాంటి అంచు మన తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. బిల్లు, వారంటీ కార్డు లేకుండా పేరున్న కంపెనీ సరుకు సగం ధరకు ఇస్తామంటే తీసుకోవద్దు, నకిలీలు చాలా ఉన్నాయి. కొనే ముందు మీ తలుపులోని కన్నం వెడల్పు, లోతు కొలుచుకుని వెళ్లండి. అద్దం పూర్తిగా కిందికి దించి లోతు కొలవాలి. అద్దం పైకి ఉన్నప్పుడు కొలిచి, పెద్ద అయస్కాంతం ఉన్న స్పీకరు బిగించి, మొదటిసారి అద్దం దించగానే అది తగిలి పగిలిన కార్లు నా దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు అసలు పని. తలుపు ప్యాడ్ విప్పేటప్పుడు హ్యాండిల్ వెనక, చెయ్యి ఆనించే చోట దాగిన మరలు ముందు తీయాలి. ఆ తర్వాత కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా ఎత్తుతూ రావాలి. పాత కారు క్లిప్పులు రెండు మూడు విరగడం ఖాయం. పది కొత్త క్లిప్పులు ముందే కొని దగ్గర పెట్టుకోండి, ఇరవై రూపాయల క్లిప్పు లేకపోతే ప్యాడ్ జీవితాంతం కిటకిటలాడుతుంది. ప్లాస్టిక్ కాగితాన్ని చింపకుండా ఒలిచి పక్కన పెట్టండి. అది వాన నీరు లోపలికి రాకుండా ఆపుతుంది, మళ్లీ అంటించాలి.

బయటి రేకును లోపలి నుంచి వేలి కణుపుతో తట్టి చూడండి. ఖాళీ డబ్బా మోగినట్టు టంగుమని సాగుతుంది. స్పీకరు దెబ్బ కొట్టినప్పుడల్లా తలుపు కూడా అలాగే మోగుతుంది. చెవికి అది బేస్ కాదు, మోత. అక్కడ బ్యూటైల్ డంపింగ్ షీటు అంటించాలి. వెనక అల్యూమినియం రేకు, ముందు నల్లని జిగురు రబ్బరు ఉన్న షీటు అది. ముందు స్పిరిట్‌తో తుడిచి దుమ్ము, నూనె పోగొట్టాలి. స్పీకరు వెనక పడే భాగంలో, రేకు మధ్యలో ముక్కలు అంటించి, చెక్క రోలరుతో అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా నొక్కాలి. రేకంతా కప్పనక్కరలేదు. నాలుగో వంతు కప్పినా చాలు. మళ్లీ కణుపుతో తట్టండి. ఈసారి చెక్కను తట్టినట్టు దబ్బుమని ఆగిపోతుంది. ఆ తేడా విన్నాక ఎక్కడ ఇంకో ముక్క కావాలో మీ వేలే చెబుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి ఇంటి కప్పులకు వేసే తారు షీటు తెచ్చేవారున్నారు. ఎండాకాలంలో అది మెత్తబడి జారుతుంది, కారంతా తారు వాసన కొడుతుంది. అది వద్దే వద్దు.

లోపలి రేకు కన్నాల్లో చిన్నవాటిని అదే షీటుతో మూసేయవచ్చు. పెద్దవాటికి పలుచని అల్యూమినియం రేకు ముక్క పెట్టి దాని మీద షీటు అంటించండి. అద్దం మోటారును, తాళం కడ్డీని మళ్లీ బాగుచేసుకునే దారి మాత్రం ఉంచుకోండి. తలుపు అడుగున చిన్న చీలికలు ఉంటాయి. వాన నీరు అద్దం రబ్బరు పక్కనుంచి తలుపులోకి దిగుతూనే ఉంటుంది, అక్కడి నుంచే బయటికి పోతుంది. ఆ చీలికల మీద పొరపాటున కూడా షీటు పడకూడదు. మన కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అవి మూసుకుపోతే ఒక్క ఏడాదికే తలుపు అడుగు తుప్పు పట్టి పోతుంది.

స్పీకరుకూ రేకుకూ మధ్య రింగు కావాలి. దుకాణాల్లో అమ్మే పొట్టు చెక్క రింగులు తడికి ఉబ్బి మరలను వదిలేస్తాయి. నేను చాలా ఏళ్లుగా వంటింట్లో కూరగాయలు తరిగే తెల్లటి గట్టి ప్లాస్టిక్ పలకను వాడుతున్నాను. నూట యాభై, రెండు వందల రూపాయల పలక ఒకటి కొని, జిగ్ రంపంతో రెండు రింగులు కోయించుకోండి. నీరు పీల్చదు, పగలదు, మర గట్టిగా పడుతుంది. రింగు అడుగున, స్పీకరు అంచు కింద మెత్తని ఫోమ్ టేపు ఒక వరుస తిప్పండి. బిగించాక స్పీకరు అంచు చుట్టూ తడి వేలు తిప్పుతూ దెబ్బ ఉన్న పాట పెట్టండి. ఎక్కడైనా చల్లగా గాలి తగిలితే అక్కడ సందు ఉన్నట్టు. మళ్లీ విప్పి టేపు సరిచేయాలి. ఈ పనికి ఓపిక కావాలి. ఒక్కో తలుపుకు రెండు గంటలు పడుతుంది. పని చేసేవారు అరగంటలో రెండు తలుపులూ అయిపోతాయంటే వేరేవారిని వెతకండి.

కంపెనీ వేసిన స్పీకరు వైర్లను మార్చనక్కరలేదు. 20 వాట్లకు అవి చాలు. కోయవద్దు కూడా. మీ కారుకు సరిపడే కప్లరు, అంటే వైరు కోయకుండా గుచ్చి కలిపే ప్లగ్గు, రెండు మూడు వందలకు దొరుకుతుంది. విడిగా కొని బిగించే స్టీరియో వైర్లలో పసుపుది బ్యాటరీ నుంచి నేరుగా, ఎరుపుది తాళం నుంచి, నలుపుది ఎర్త్. తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్లగీత ఉన్నది మైనస్. స్పీకరు మైనస్‌ను కారు బాడీకి ఎర్త్ చేయకండి. పాత కాలం స్టీరియోలకు అది చెల్లింది, ఇప్పటి చిప్ పాడవుతుంది.

ఒక్క పైసా ఖర్చు లేకుండా బేస్ రెట్టింపైన కార్లు నేను ఎన్నో చూశాను. వాటన్నిటిలోనూ ఒక తలుపు స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారై ఉంది. ఒక కోన్ ముందుకు వచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతే లోతు శబ్దం కారు మధ్యలో చచ్చిపోతుంది. సరిచూడడం తేలిక. స్పీకరు వైరును స్టీరియో నుంచి ఊడదీసి, గోడ గడియారం సెల్లును ఒక్క క్షణం ఆ వైర్లకు తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. రెండు తలుపుల్లోనూ అలాగే రావాలి. మీ కారు సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఈ పరీక్షను ఈ ఆదివారమే చేయండి, ఏదీ కొనకముందే.

వెనక ట్రే మీద ఓవల్ స్పీకర్ల గురించి. వాటిని అమ్మవద్దు, మార్చవద్దు. స్టీరియోలో ముందు, వెనక స్పీకర్ల పాళ్లు మార్చే ఫేడర్‌ను ముందుకు జరిపి, వెనకవి నేపథ్యంగా మాత్రమే వినిపించేలా ఉంచండి. ట్రే కదులుతూ ఉంటే అడుగున ఫోమ్ టేపు అంటించి గట్టిగా బిగించండి, గుంతలో పడినప్పుడు ఎగిరే బరువు తల వెనక ఉండకూడదు.

స్టీరియోలో హై పాస్ ఫిల్టర్ అనే, లోతు శబ్దాలను ఆపేసే అమరిక ఉంటే దాన్ని 80 హెర్ట్జ్‌కు పెట్టండి. 6.5 అంగుళాల కోన్ 40, 50 హెర్ట్జ్‌లను మోయలేదు. మోయబోయి కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం మిగతా పాటను కూడా చెడగొడుతుంది. ఆ భారం తీసేస్తే అదే స్పీకరు మరింత గట్టిగా, శుభ్రంగా పాడుతుంది. ఢోల్ దెబ్బలో మన ఒంటికి తగిలే బలం చాలావరకు 80కి పైనే దొరుకుతుంది. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ రెండూ ఆపేయండి. ఈక్వలైజర్‌లో కావలసినదాన్ని పెంచడానికి బదులు అక్కరలేనిదాన్ని రెండు గీతలు తగ్గించండి. లక్ష్మీపూర్ వైపు ఘాట్‌లో సిగ్నలు పోతుందని పెన్ డ్రైవ్‌లో పాటలు ఉంచుకున్నారు, మంచిదే. కానీ ఫోను నుంచి ఫోనుకు తిరిగి తిరిగి వచ్చిన, సెకనుకు 64, 96 కిలోబిట్ల పాటల్లో ముందుగా పోయేది పై శబ్దమే, అంటే మీ నాన్నగారికి కావలసిన హల్లులే. 256 లేదా 320 ఉన్న పాటలు మళ్లీ సంపాదించుకోండి.

తొమ్మిది వేలకే పెద్ద తెర ఆండ్రాయిడ్ స్టీరియో వస్తుందని ఎవరైనా అంటే దాని జోలికి పోవద్దు. వాటిలో కొన్ని తాళం తీశాక కూడా బ్యాటరీని తాగుతూ ఉంటాయి. మీ కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ స్థాయిది. నూరు మిల్లీ ఆంపియర్ల చొప్పున లాగితే రోజుకు 2.4, పది రోజుల సెలవులకు ఊరు వెళ్లి వచ్చేసరికి 24 ఆంపియర్ అవర్ పోతుంది. కారు స్టార్ట్ కాదు.

వైరింగు గురించి ఒక సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే 8,500 ప్యాకేజీలో ముందుగా కోత పడేది అక్కడే. కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఒక కుటుంబం కారు ఘాట్ మధ్యలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చిందట. వెళ్లి చూశాను. బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు పోయే ఎర్ర వైరును ఇంజను గోడ రేకులోని కన్నం గుండా రబ్బరు బుష్ లేకుండానే లోపలికి లాగారు. ఏడాది పాటు కారు కదిలినప్పుడల్లా రేకు అంచు ఆ వైరు తొడుగును కోస్తూ వచ్చింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. తొడుగు తెగిన చోట రాగి రేకుకు తగిలి, వైరు పొడవునా కరిగి కార్పెట్‌కు అంటుకుంది. చిన్న పాప వెనక సీట్లో నిద్రపోతోంది. ఆ రోజు కారు నడుపుతున్నాయన బ్యాటరీ టెర్మినల్ ఊడదీయగలిగారు కాబట్టి కారు మిగిలింది, మనుషులు మిగిలారు. బిగించిన చోటు పేరు చెప్పడం వల్ల మీకు ప్రయోజనం లేదు. మీరు గుర్తుపెట్టుకోవలసినవి రెండు. యాంప్లిఫయర్ ఎప్పుడు పెట్టించినా బ్యాటరీ నుంచి మూర లోపే ఫ్యూజు ఉండాలి. రేకు దాటే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. ఈ రెండూ మీ కళ్లతో చూసే దాకా డబ్బు ఇవ్వకండి.

ఆ వైరు రాగిదో కాదో కూడా చూడండి. చివర ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. దాన్ని వాడకూడదని కాదు, కానీ అది రాగి అంత కరెంటు మోయలేదు, ఒకటి రెండు సైజులు లావుది తీసుకోవాలి. పైగా బిగించిన చోట కాలక్రమంలో వదులవుతుంది. ఎర్త్ వైరును పొట్టిగా, రంగు గీకిన గట్టి రేకుకు బోల్టుతో బిగించాలి. ఇంజను వేగంతోపాటు పెరిగే కూత స్పీకర్లలో వస్తే ఎక్కువసార్లు తప్పు ఆ ఎర్త్‌లోనే ఉంటుంది.

మీ 9,000 లెక్క ఇలా వేసుకోండి. కాంపొనెంట్ సెట్ 4,000. రెండు తలుపులకు డంపింగ్ షీటు 1,400 దాకా. రింగులు, ఫోమ్ టేపు, క్లిప్పులు, కప్లరు కలిపి 800. కూలి 1,000. మొత్తం 7,200. ధరలు ఊరిని బట్టి వందల్లో అటూ ఇటూ అవుతాయి, వేలల్లో కావు. విశాఖపట్నం లేదా విజయనగరం ఎలాగూ వెళ్లే పని ఉంటే స్పీకర్లు అక్కడ నాలుగు దుకాణాల్లో విని కొనండి, ఎంపికకు ఎక్కువ రకాలు ఉంటాయి.

మిగిలిన 1,800ను ఇప్పుడే ఖర్చు పెట్టవద్దు. ఆరు నెలలు వినండి. పిల్లలకు ఇంకా లోతు కావాలనిపిస్తే దానికి మరికొంత కలిపి సీటు కింద పట్టే 8 అంగుళాల సబ్‌వూఫర్ (లోతు శబ్దాలకే ఉండే స్పీకరు) తీసుకోండి. యాంప్లిఫయర్ అందులోనే ఉంటుంది, డిక్కీ ఖాళీగా ఉంటుంది. దాన్ని 80 హెర్ట్జ్ కిందికి కోయాలి, వాల్యూమ్ విడిగా తగ్గించుకునే గుండీ డ్రైవరుకు అందేలా పెట్టించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా తప్పు లేదు. నాలుగు ఓముల స్పీకరుకు మల్టీమీటర్ పెడితే 3.2 నుంచి 3.8 మధ్య చూపించాలి. కోన్‌ను రెండు బొటనవేళ్లతో ఇరువైపులా సమంగా నొక్కి వదలండి. లోపల ఇసుక రాసుకున్నట్టు గరగర వినిపిస్తే కాయిల్ కాలిపోయినట్టే, అక్కడే వదిలేయండి. యాంప్లిఫయర్ అయితే కన్నాల దగ్గర ముక్కు పెట్టి చూడండి. కాలిన వాసన ఎన్నేళ్లైనా పోదు.

బిగింపు అయ్యాక చివరి అమరిక మీ నాన్నగారిని ఆయన సీట్లో కూర్చోబెట్టి చేయండి. మీ వైపు నుంచి చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఎడమ ట్వీటరు ఆయన చెవికి చాలా దగ్గర, కుడిది దూరం. కాబట్టి ట్వీటర్లను మూలల్లో నేరుగా దగ్గరి మనిషి వైపు కాకుండా అవతలి సీటు వైపు తిప్పి ముందు రెండువైపుల టేపుతో అంటించండి. ఆయనకు బాగా తెలిసిన పద్యం ఒకటి, తెలియని పద్యం ఒకటి పెట్టండి. తెలిసినదాన్ని మనసు పూరించేస్తుంది, అది పరీక్ష కాదు. తెలియని పద్యంలో మొదటి పాదం ఆయన చేత తిరిగి చెప్పించండి. ఏ మాట దగ్గర తడబడ్డారో చూసి, ట్వీటరును ఒక వేలి వెడల్పు తిప్పి, మళ్లీ వినిపించండి. బ్యాలెన్స్‌ను కుడికి ఒకటి రెండు గీతలు జరిపి కూడా చూడండి. పాదం తప్పు లేకుండా వచ్చిన చోట టేపు తీసేసి మర బిగించండి.